ఒకప్పుడు ఇలా జరిగేది

ఆ ఊరి మ్యూజియంలో చచ్చిన జంతువుల చర్మం వలిచి, లోపల పీచు కూరి, బతికున్నట్టు నిలబెట్టే పని ఒకావిడ చేసేది. నక్కలూ, ముంగిసలూ, సర్కస్ వాళ్ళు వదిలేసి వెళ్ళిన ముసలి ఎలుగుబంటీ ఆవిడ చేతుల మీదుగా అద్దాల బీరువాల్లోకి చేరినవే. అయినా ఆవిడకి చెయ్యి తిరిగింది పక్షుల్లోనే. అందుకని మ్యూజియం బాధ్యతలు చూసే క్యూరేటరు మొదలు గేటు దగ్గర కాపలావాడి దాకా అందరూ ఆవిణ్ణి పిట్టలమ్మ అనేవారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఆవిడ భర్తది సముద్రం మీద పని. ఒక పెద్ద చేపల కంపెనీ పడవలో డెక్ మీద పనివాళ్ళందరికీ పెద్ద. అతన్ని మేస్త్రి అనేవారు. పడవ రేవు వదిలితే నెలల తరబడి తిరిగొచ్చేది కాదు. వచ్చినప్పుడు కొన్ని వారాలు ఇంట్లో ఉండి, వంటింటి గడప మీద పాత పేపరు పరుచుకుని కూర్చుని, వచ్చే ట్రిప్పుకి గాలాలు కట్టుకునేవాడు. ఆ ఇంట్లో మూడో మనిషి అతని తల్లి. ఆవిడ నోటికి జడిసి పాలవాడు సీసా గుమ్మంలో పెట్టి గబగబా వెళ్ళిపోయేవాడు.

"నీ మొగుడు చంపుతాడు, నువ్వు బతికిస్తావు. భలే కుదిరిందే మీ ఇద్దరికీ," అనేది ఆవిడ, కోడలు ఇంటికొచ్చి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటుంటే.

"బతికించడం కాదు అత్తయ్యా, నిలబెట్టడం," అనేది కోడలు.

అప్పటికి అది వాళ్ళింట్లో హాస్యమే.

ఆ ఏడు మ్యూజియానికి అదృష్టం పట్టింది. పట్టిందనే అందరూ అనుకున్నారు. చాలాకాలంగా పై హాలు కప్పు కారుతోంది. వాన పడితే క్యూరేటరే ప్యాంటు పైకి మడిచి, ఏనుగు అస్థిపంజరం కింద బకెట్లు సర్దేవాడు. అలాంటిది మేస్త్రి పనిచేసే చేపల కంపెనీ ముందుకొచ్చి, కప్పు తిరగవేయిస్తాం, ఆ హాలంతా సముద్రపక్షుల ప్రదర్శనగా మారుస్తాం అన్నది. చేపల వేటలో పక్షులు కుప్పలుగా చస్తున్నాయని బయట గొడవ నడుస్తోంది. దేశదేశాల్లో చేప కొనేవాళ్ళు నిలదీస్తున్నారు. కంపెనీకి పక్షుల మీద ప్రేముందని ఎక్కడో ఒకచోట కనపడాలి. క్యూరేటరు మంచివాడే, కానీ నోట్లో నాలుక లేని మనిషి. కారని కప్పు అనే మాట చెవిన పడ్డాక ఆయన ఇంకేమీ వినిపించుకోలేదు.

కంపెనీ తరఫున ప్రచారం చూసే అమ్మాయి ఒకతె వచ్చింది. నవ్వుమొహం, చేతిలో ఎప్పుడూ మోగే ఫోను. వెంట వ్యానులో ఐసు పెట్టెలు. పెట్టెల్లో గడ్డకట్టిన ఆల్బట్రాస్ అనే సముద్రపక్షులు. తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్క కొసలు. రెక్కలు విప్పితే ఒక్కొక్కటీ రెండు బారలకి కాస్త తక్కువ. పిట్టలమ్మ అంత పెద్ద పక్షిని పుస్తకాల్లో చూసిందే కానీ ముట్టుకోలేదు.

"ఇవి ఎక్కడివమ్మా?"

"తుపానుకి చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి ఆంటీ. మావాళ్ళు జాగ్రత్త చేశారు," అంది ఆ అమ్మాయి.

పిట్టలమ్మ ఆ మాట నమ్మిందనలేం, నమ్మలేదనీ అనలేం. ఒడ్డుకి కొట్టుకొచ్చిన పక్షికి ఈకల్లో ఇసుక ఉంటుంది. కళ్ళు పీతలు తినేసి ఉంటాయి. వీటికి అదేమీ లేదు. అయినా అంత మంచి పక్షులు చేతికి దొరికిన సంతోషంలో ఆవిడ మళ్ళీ అడగలేదు.

ఆవిడ పనిగది మ్యూజియం వెనకవైపు, పై హాలు దాటాక ఉండేది. ఒక కిటికీ, ఒక కుళాయి, జింకు రేకు పరిచిన పొడుగాటి బల్ల. గోడ వెంట చిన్న చిన్న సొరుగుల్లో గాజు కళ్ళు, జంతువు జంతువుకీ వేరుగా. మంచు మెల్లగా కరగాలి, లేకపోతే ఈకలు ఊడిపోతాయి. కరిగాక మొదటి పక్షిని వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద కోత పెట్టడానికి ఈకలు పాయ తీసింది. మధ్యలో అరచేయంత మేర చర్మం బోడిగా ఉంది.

అదేమిటో ఆవిడకి తెలుసు. గుడ్డు పొదిగే పక్షికి అక్కడ ఈకలు రాలిపోతాయి, ఒంటి వేడి నేరుగా గుడ్డుకి తగలడానికి. అంటే ఎక్కడో ఒక దీవిలో దీని గుడ్డు ఉంది. దాని మీద జంట పక్షి కూర్చుని ఉంటుంది. ఈ జాతిలో ఆడా మగా వంతులు వేసుకుంటాయి. ఒకటి మేతకని వారాల తరబడి సముద్రం మీదికి పోతే, రెండోది తిండి లేకుండా గూడు కదలకుండా కాచుకుంటుంది. పోయింది రాకపోతే ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ చూస్తుంది. తర్వాత ఆకలికి తాళలేక గుడ్డు వదిలేసి ఎగిరిపోతుంది. గుడ్డు అక్కడే చల్లారుతుంది.

ఆవిడ చర్మం వలుస్తూ మెడ దాకా వచ్చింది. గొంతు లోపల వేలికి గట్టిగా ఏదో తగిలింది. కత్తి కొసతో చీల్చి బయటికి తీసింది. గాలం. దానికి వేలెడు నైలాను దారం. ముక్కు దగ్గర దారం ఎవరో తెగ్గోశారు కనక పైకి కనపడలేదు.

గాలాన్ని కుళాయి కింద కడిగి వెలుగులో పెట్టి చూసింది. ఆ ముడి చూడగానే ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. దారం రెండుసార్లు చుట్టి, కొసని వెనక్కి దోపి లాగిన ముడి. పడవలో అలా కట్టేవాడు ఒక్కడే. తక్కినవాళ్ళ ముళ్ళు జారతాయి, తనది జారదని వంటింటి గడప మీద కూర్చుని ఎన్నిసార్లు గొప్పలు చెప్పుకున్నాడో లెక్కలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అతను గడప మీదే ఉన్నాడు. ఆవిడ ఆ గాలాన్ని అతని ముందున్న పేపరు మీద పెట్టింది.

"ఇది నీదేనా?"

తీసి చూశాడు. "నాదే. ఎక్కడిది?"

"పిట్ట గొంతులోది."

అతను దాన్ని పేపరు మీద పెట్టేశాడు. తల ఎత్తలేదు.

"ఎరలు గుచ్చిన గాలాల తాడు నీళ్ళలోకి వదులుతుంటే వస్తాయి," అన్నాడు. "ఎర మునిగేలోపల మీద పడతాయి. ఎర మింగితే గాలం దిగుతుంది. తాడుతో పాటు అదీ కిందికి పోతుంది."

"తుపానుకి చచ్చాయని చెప్పారు."

"తుపానుకి చచ్చేది మేము. వాటికి తుపానంటే ఆట."

"ఆపడానికి దారే లేదా?"

"ఎందుకు లేదు. పడవ వెనక రంగు రిబ్బన్ల తాడు కడితే బెదిరి దగ్గరికి రావు. సీసం బరువు కడితే ఎర గబుక్కున మునుగుతుంది. చీకటి పడ్డాక వదిలితే అసలు గొడవే లేదు."

"మరి?"

"రిబ్బన్ల తాడు పడవలో ఉంది. సంచి విప్పలేదు. గాలి తిరిగిందంటే అది మా తాడుకి చుట్టుకుంటుంది, విడదీసేసరికి పూట పోతుంది. పూట పోతే కెప్టెను ఊరుకోడు. కెప్టెన్ని కంపెనీ వదలదు."

"నువ్వు అడిగావా ఎప్పుడైనా?"

"అడగడానికి నేనెవర్ని?"

లోపల మంచం మీంచి అత్తగారు అందుకుంది. "అడిగితే మర్నాటికి వాడి జాగాలో ఇంకోడుంటాడు. అప్పుడు నీ పిట్టలొచ్చి వండి పెడతాయా మనకి?"

"నిన్ను అడగలేదమ్మా," అన్నాడు మేస్త్రి. తర్వాత భార్యతో గొంతు తగ్గించి, "చెప్తే ఏమొస్తుంది? తినే తిండి చేదవుతుంది. అందుకే చెప్పలేదు," అన్నాడు.

ఆ పూట ముగ్గురూ ఎవరి కంచంలోకి వాళ్ళు చూసుకుంటూ తిన్నారు.

పని మాత్రం ఆగలేదు. కంపెనీ అడిగింది ఎగురుతున్న పక్షుల్ని. హాలు మధ్యలో కంపెనీ పడవ నమూనా, దాని వెనక రంగురంగుల రిబ్బన్లు, పైన రెక్కలు చాపి హాయిగా తిరుగుతున్న పక్షులు. ప్రచారం అమ్మాయి రెండు మూడు రోజులకోసారి వచ్చి చూసి వెళ్ళేది.

"ఆంటీ, మొహాలు కొంచెం సంతోషంగా ఉంటే బాగుంటుందేమో."

"పక్షి ముక్కుకి సంతోషం ఎక్కడ అతికించనమ్మా?"

"మీరు తలుచుకుంటే అవుతుంది ఆంటీ."

ప్రతి పక్షి గొంతులోనూ గాలం ఉంది. కొన్ని మేస్త్రి కట్టినవి, కొన్ని కావు. ఆవిడ వాటిని తీసి, కోతలు కుట్టి, ఈకలు దువ్వి, గాయం ఆనవాలు లేకుండా ఎగిరించింది. ఆ పని ఎంత బాగా కుదిరితే అంత ఒళ్ళు మండేది. పొట్ట మీద అదే బోడి చర్మం ఉన్న ఆఖరి పక్షి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నిశ్చయించుకుంది. దాన్ని ఎగిరించదు. ఎలా వచ్చిందో అలాగే పెడుతుంది.

అయితే అది ఎలా వస్తుందో ఆవిడ చూడలేదు. తీగలు వంచి చూసింది, విప్పింది, మళ్ళీ వంచింది. ఎలా పెట్టినా నిద్రపోతున్న బాతులా ఉంది కానీ మునిగి చచ్చినట్టు లేదు. విసుగెత్తి ఇంట్లో ఆ మాట అంది. మేస్త్రి గాలాలు కడుతూ విన్నాడు.

మ్యూజియానికి సెలవు రోజున అతనే పనిగదికి వచ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. డాక్టరు గదిలో నిలబడ్డట్టు చేతులు వెనక్కి కట్టుకుని, గాజు కళ్ళ సొరుగుల వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇలా కాదు," అన్నాడు. "తల పైకుంటుంది. తాడు లాగేది తలనే కదా. ఒళ్ళంతా కిందికి వేలాడుతుంది."

ఆవిడ మెడ తీగని నిటారుగా చేసింది.

"ముక్కు తెరుచుకుని ఉంటుంది. రెక్కలు రెండూ మూసుకోవు. ఒకటి నీళ్ళ తోపుకి విచ్చుకునే ఉండిపోతుంది." తనే చెయ్యి పెట్టి ఆ రెక్కని విప్పాడు. అంత మొరటు చేతులు, ఒక్క ఈక కూడా చెదరలేదు.

"కాళ్ళు?"

"వెనక్కి. ఈదబోయినట్టు."

జేబులోంచి గాలం తీసి, సన్నటి తాడుకి కట్టి, పక్షి నోట్లో దింపి, తాడు కొస పైకి ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరూ చూశారు. ఇప్పుడు సరిగ్గా ఉంది.

"తాడు పైకి లాగేటప్పుడు చిక్కినవైతే కొన్ని ప్రాణంతోనే వస్తాయి," అన్నాడు. "వాటిని..." అని ఆగిపోయాడు. ఆవిడ అతని చేతిలోంచి తాడు కొస అందుకుంది.

వెళ్ళబోతూ తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఎవరన్నా అడిగితే ఎవరు చెప్పారంటావు?"

"ఎవరూ చెప్పలేదంటాను. పక్షిని కోస్తే కనపడిందంటాను."

అతను తలూపి వెళ్ళిపోయాడు. ఆ వారం అతను ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడకి పెళ్ళయిన కొత్తలో ఉన్నట్టు ఉంది.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే వెళ్ళి ఆవిడ ఆ పక్షిని తనే హాలు మధ్యలో, పడవ నమూనా పక్కన, కప్పు కొక్కేనికి వేలాడదీసింది. క్యూరేటరు వచ్చి చూసి గోడకి జేరబడ్డాడు.

"నా కొంప ముంచావు కదమ్మా."

"తీసేయమంటే తీసేస్తాను సార్. మీ నోటితో మీరు చెప్పండి."

ఆయన నోరు తెరిచేలోపల కింద కార్ల తలుపుల చప్పుడు వినిపించింది.

జనం బాగానే వచ్చారు. పత్రికలవాళ్ళు, కాలేజీ మాస్టర్లు, కంపెనీ ఆఫీసువాళ్ళు. పడవ మనుషుల్ని కూడా తెచ్చారు. మడతలు పోని కొత్త తెల్ల చొక్కాలు వేయించి, కెప్టెను పక్కన వరసగా నిలబెట్టారు. వాళ్ళలో మేస్త్రి ఉన్నాడు. అత్తగారు ముందు వరసలో కుర్చీ సంపాదించి దర్జాగా కూర్చుంది.

కంపెనీ ఛైర్మన్ ఒక్కొక్క పక్షినే చూస్తూ వచ్చి, వేలాడుతున్న పక్షి ముందు ఆగాడు. ఆయన మెడ పక్కకి వంచి చాలాసేపు చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనే సార్," అంది పిట్టలమ్మ.

ఆయన పత్రికలవాళ్ళ వైపు తిరిగాడు. "చూశారా? దీన్ని దాచిపెట్టవచ్చు మేము. దాచలేదు. ఒకప్పుడు మా రంగంలో ఇలా జరిగేది. ఒప్పుకునే నిజాయితీ ఉండాలి. ఎక్కణ్ణుంచి ఎక్కడికి వచ్చామో తెలియాలంటే ఇది ఇక్కడే ఉండాలి." తర్వాత పిట్టలమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. "చాలా గొప్ప పని చేశారమ్మా."

ఫోటోలు తీశారు. చప్పట్లు కొట్టారు. ప్రచారం అమ్మాయి ఎప్పుడు వెళ్ళిందో, ఎక్కడ రాసుకొచ్చిందో, 'ఒకప్పుడు ఇలా జరిగేది' అని ఒక అట్ట ముక్క తెచ్చి ఆ పక్షి కింద పెట్టింది. ఎగిరే పక్షుల కింద 'ఇప్పుడు' అని ఇంకొకటి.

"ఒకప్పుడు కాదు సార్," అంది పిట్టలమ్మ. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "ఇది మొన్నటి ట్రిప్పుది. గుడ్డు మీద కూర్చునే పక్షి. పైన ఎగురుతున్నవి కూడా అన్నీ ఇలా చచ్చినవే. వాటి గొంతుల్లో గాలాలు నా చేత్తో నేను తీశాను."

ఒక విలేఖరి చప్పున ఇటు తిరిగాడు. ఛైర్మన్ మొహంలో నవ్వు చెక్కుచెదరలేదు. కెప్టెను వైపు చూశాడంతే.

కెప్టెను ముందుకొచ్చాడు. "డెక్ మీద మా మేస్త్రికి తెలియకుండా ఈగ కూడా వాలదండి. ఆయన్నే అడుగుదాం. ఏమయ్యా మేస్త్రీ, తాడు వదిలేటప్పుడు మన పడవలో పిట్టలు చస్తున్నాయా?"

మేస్త్రి కొత్త చొక్కా కాలరు సర్దుకున్నాడు. భార్య వంక చూడలేదు. పక్షి వంకా చూడలేదు.

"లేదండి," అన్నాడు.

"రిబ్బన్ల తాడు కడుతున్నామా?"

"కడుతున్నామండి."

"విన్నారుగా," అన్నాడు కెప్టెను. "ఆవిడ ఈయన భార్యే లెండి. ఇంట్లో మొగుడి మాట చెవిన పెట్టే అలవాటు లేనట్టుంది."

జనం నవ్వారు. విలేఖరి కూడా నవ్వి కెమెరా సంచిలో పెట్టేసుకున్నాడు. ముందు వరసలో అత్తగారు ఒక్కతే నవ్వలేదు. కొడుకు వైపు చూసి, కోడలి వైపు చూసి, చీర కొంగు భుజం నిండా కప్పుకుని లేచి బయటికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక మేస్త్రి స్టూలు మీద కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు.

"ఎందుకు లేదన్నావు?" అంది పిట్టలమ్మ.

"నువ్వు అడిగి ఉంటే అవుననేవాణ్ణి. అడిగింది కెప్టెను."

"ఆ రెక్క విప్పింది నువ్వే."

"నేనే. నాకు చేతనైంది అదొక్కటే. అంతకు మించి నా దగ్గర లేదు." ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. "నువ్వు మాత్రం ఎవరి పేరూ చెప్పనన్నావు. చెప్పలేదు. ఆ మాట నిలబెట్టుకున్నావు."

మెచ్చుకున్నాడో దెప్పాడో ఆవిడకి తెలియలేదు. అతనికీ తెలిసి ఉండదు. వారం తిరక్కుండా పడవ వెళ్ళిపోయింది.

వేలాడే పక్షికి చాలా పేరొచ్చింది. బస్సుల్లో బడిపిల్లల్ని తీసుకొచ్చి దాని ముందు నిలబెట్టి పాఠం చెప్పేవారు. ఇప్పుడిలా లేదు కదా అని పిల్లలు ఊపిరి పీల్చుకునేవారు. తప్పు ఒప్పుకున్న కంపెనీ అని పత్రికలు రాశాయి. చేప కొనేవాళ్ళు శాంతించారు. అట్ట ముక్క తీసేసి ఇత్తడి పలక బిగించారు. పిట్టలమ్మ రోజూ పొద్దున్న ఆ పలక ముందు నుంచే పనిగదికి వెళ్ళాల్సి వచ్చేది.

మేస్త్రి మళ్ళీ ఒడ్డుకి వచ్చినప్పుడు ఆవిడ ఒక్క మాటే అడిగింది. "రిబ్బన్ల తాడు కట్టారా?"

"కట్టాం. రేవు దాటాక ఆ ప్రచారం అమ్మాయి వీడియో తీయించింది. గాలికి రిబ్బన్లు బాగా ఎగిరాయి." సంచి భుజం మీంచి దించాడు. "ఆ పిల్ల చిన్న పడవెక్కి ఒడ్డుకి వెళ్ళిపోయాక చుట్టి సంచిలో పెట్టేశాం."

ఆ తర్వాత కొద్దిరోజులకే పనిగదికి మళ్ళీ ఐసు పెట్టెలు వచ్చాయి. ఇంకొన్ని ఊళ్ళ మ్యూజియాలు కూడా అడుగుతున్నాయట. ఈసారి ఎగిరేవి అక్కర్లేదు, గాలానికి వేలాడేవే కావాలట. ఒక్కొక్క ఊరికీ ఒక 'ఒకప్పుడు'. పెట్టె మూత తీస్తే, పక్షుల ఒంటి మీద మంచు ఇంకా కొత్తగా మెరుస్తోంది.

పిట్టలమ్మ మూత వేసేసి క్యూరేటరు గదికి వెళ్ళింది.

"నేను చెయ్యను సార్. ఇంకొకటి చేస్తే మొదటిది కూడా అబద్ధమైపోతుంది."

క్యూరేటరు పైకి, ఇప్పుడు చుక్క కూడా కారని కప్పు వైపు చూశాడు. "అది ఎప్పుడో అయిపోయింది కదమ్మా," అన్నాడు మెత్తగా.

పెట్టెలు వేరే ఊరికి పోయాయి. అక్కడ చేసేవాడు దొరికాడు. ఆవిణ్ణి టికెట్ల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు, కంపెనీవాళ్ళే తగ్గించొద్దన్నారని క్యూరేటరు చెప్పాడు. పనిగదిలో జింకు బల్ల తీసేసి దుకాణం పెట్టారు. దూది కూరిన తెల్లటి బొమ్మ పక్షులు అమ్ముతారు. వాటి మొహాలు సంతోషంగా ఉంటాయి.

ఇంట్లో గొడవేమీ జరగలేదు. మేస్త్రి ఒడ్డున ఉన్నప్పుడు గాలాలు గడప మీద కట్టడం మానేసి, పెరట్లో కూర్చుని కట్టుకునేవాడు. అత్తగారు పాలవాణ్ణి తిట్టేది, వీధిలో కుక్కల్ని తిట్టేది. కొడుకునీ కోడల్నీ కలిపి ఒక్క మాట అనేది కాదు. చంపడం, బతికించడం అనే హాస్యం ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు.

ఒక ఆదివారం టికెట్ల కిటికీ దగ్గర ఒకాయన భార్యతో వచ్చి నిలబడ్డాడు.

"లోపల గాలానికి వేలాడే పక్షి ఉందట. నిజం పక్షేనా, బొమ్మా?"

"నిజం పక్షేనండి."

"పాపం. ఎప్పటిదో అయ్యుంటుంది."

"పోయినేడుదండి. మా ఆయన పనిచేసే పడవలోది. ఇప్పటికీ చస్తూనే ఉన్నాయి."

ఆయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూశాడు. హాస్యమాడుతోందనుకుని నవ్వాడు. "సరదా మనిషిలా ఉందే," అన్నాడు భార్యతో.

వెనక వరస పెరుగుతోంది. పిట్టలమ్మ రెండు టికెట్లు చింపి కిటికీలోంచి ఇచ్చింది.

"మెట్లెక్కి కుడిచేతి వైపు," అంది.